పాత కార్బ్యురేటర్ కారు ఐడిల్‌లో వణుకుతోందా?

బండి ఆగినచోటల్లా వణుకుతూ ఆఫ్ అయిపోతుంటే చాలామంది ముందు ఎమిషన్ సామాను (పొగ కాలుష్యం తగ్గించే భాగాలు) మీదే పడతారు. ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), దాని గొట్టాలు పీకేసి రంధ్రాలు మూసేస్తారు. ఆ తర్వాత లోడ్ మీద ఇంజిన్ నాకింగ్ (టకటక కొట్టుకోవడం) మొదలైతే అదో కొత్త టెన్షన్. పీకే ముందు, వాక్యూమ్ గొట్టాలు (ఇంజిన్ పీల్పు వెళ్లే సన్న రబ్బరు గొట్టాలు) ఎక్కడైనా చిట్లి బయటి గాలి లాగుతున్నాయేమో ఇలా చూడండి.

ఇంజిన్ వేడెక్కాక, ఆరుబయట, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచండి. నోస్ ప్లయర్‌కు గుడ్డ చుట్టి సన్న వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా, మానిఫోల్డ్‌కు (కార్బ్యురేటర్ నుంచి ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే భాగం) దగ్గరగా 5 సెకన్లు నొక్కి పట్టండి. ఫ్యాన్ బెల్టుకు చెయ్యి తగలకుండా చూసుకోండి. నొక్కగానే వణుకు తగ్గిందంటే గాలి లాగుతున్నది ఆ లైనే. ఎక్కువగా గొట్టం చివరే గట్టిపడి ఉంటుంది, కాస్త వంచితే సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. పొడవు సరిపోతే చివర 1 సెంటీమీటరు కోసి మళ్లీ తొడగండి. చాలకపోతే అదే లోపలి సైజు వాక్యూమ్ గొట్టం కొత్తది వేయండి. ఊడదీసేముందు గొట్టానికీ, అది తొడిగే చోటుకూ మాస్కింగ్ టేపు అంటించి ఒకే నంబరు రాయండి. ఫోటో కంటే ఇదే నయం, అన్నీ నల్లగా ఒక్కలాగే ఉంటాయి మరి.

పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి లాగేది) నొక్కితే ఐడిల్ మారడం మామూలే, దాన్ని లీకు అనుకుని మూసేయకండి. లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. ఏది నొక్కినా తేడా లేకపోతే కార్బ్యురేటర్ కింది గ్యాస్కెట్‌ను చూడాలి, ఆ లీకు ఈ పద్ధతికి దొరకదు.