మొక్కలు నాటేముందు అడవిలో చేయాల్సిన పనులు

నల్లమలలోనైనా ఆదిలాబాద్ కొండల్లోనైనా అడవి పలచబడిందంటే అందరికీ ముందు గుర్తొచ్చేది మొక్కలు నాటడం. అది చివర్లో చేయాల్సిన పని. మద్ది, చిరుమాను, తునికి లాంటివాటి వేళ్లు నేలలో బతికే ఉంటాయి. వాటి పిలకల్ని ఏటా మంట కాల్చేస్తుంటుంది. 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఎండ ముదిరేకొద్దీ రాలిన ఆకు తొందరగా పెళుసెక్కుతుంది. వానేమో ఒక్కపూట దంచికొట్టి మన్ను కోసుకుపోతుంది. అందుకే ముందు నిప్పు సంగతి చూడాలి.

మంట దాటకుండా అడ్డుకునే ఖాళీ బాటలు, అంటే ఫైర్ లైన్లు, జనవరిలోపే తీయాలి. కనీసం 3 మీటర్ల వెడల్పున ఆకూ గడ్డీ గోకి మట్టి తేల్చాలి. గడ్డి నిలువెత్తు ఉన్నచోట 5 మీటర్లు. పాత బండిబాటలు, గుట్టల నెత్తి వెంట తీస్తే మేలు. వాలు నడుమ తీసిన లైను మంటను ఆపదు: మంట ఎగువకు పరుగెడుతుంది, కాలే దుంగ దిగువకు దొర్లి లైను దాటుతుంది. ఒకసారి ఊడ్చి వదిలేయడం ఇంకో పొరపాటు. ఆకు మార్చి దాకా రాలుతూనే ఉంటుంది కనుక పదిరోజులకోసారి మళ్లీ ఊడ్వాలి. ఆకును గాలితో ఊదేసే బ్లోయర్ ఉంటే పని సులువు.

నిప్పు పెట్టొద్దని బోర్డు రాసినంతమాత్రాన ఎవరూ మానరు. ఇప్పపువ్వు కనబడాలనే కదా చెట్టు కింద ఆకు కాల్చేది! కొమ్మల నీడ పడేంత మేర ఊడ్చి పాత చీరలు పరిస్తే, తెల్లారేసరికి పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. తునికాకు కోసం మంట పెట్టే బదులు ఫిబ్రవరి–మార్చిలో పొదల్ని నేలమట్టంగా కొడితే, దాదాపు నెలన్నరకు లేతాకు కోతకొస్తుంది.

తొలకరికి ముందు వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి. 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతుంటే ఒక్కోటి 500 లీటర్లు పడుతుంది. ఏ-ఫ్రేమ్‌తో (A అక్షరంలా కర్రలు కట్టి, నడుమ బరువు వేలాడదీసిన మట్టం చట్రం) మట్టం చూసి గీత గీయండి. కంటి అంచనాతో తవ్వితే నీరంతా ఒక చివరకు చేరి గట్టు తెంపుతుంది. తీసిన మట్టిని పల్లం వైపు, అంచు నుంచి 30 సెంటీమీటర్లు వదిలి పోయాలి. పై వరుసలో ఖాళీ ఉన్నచోట కింది వరుసలో కందకం రావాలి.

అడవిని కమ్మేసే కలుపు పొద లాంటానాను పైపైన నరికితే మరింత గుబురుగా లేస్తుంది. కాయ పండకముందే తల్లివేరును నేలకు 3–5 సెంటీమీటర్ల కింద నరికి, పొదను తలకిందులుగా పెట్టాలి. పిట్టలు వాలే చెట్ల కింద మొలకలు మళ్లీ వస్తాయి, వాటిని వానల్లో పీకేయాలి.

మోడుకు గుంపుగా వచ్చిన పిలకల్లో నేలకు దగ్గరగా పుట్టిన బలమైన రెండింటినే ఉంచండి. పైన పుట్టినవి గాలికి విరుగుతాయి. రిజర్వు అడవిలో ఈ కోతలకు అటవీశాఖ అనుమతి ఉండాలి, వన సంరక్షణ సమితి ద్వారా అడగొచ్చు.

వేరూ పిలకా ఏదీ లేని ఖాళీల్లో మాత్రమే 45 సెంటీమీటర్ల గుంతలు తీసి, ఆ కొండ చెట్ల విత్తనంతోనే పెంచిన మొక్కలు నాటండి, అదీ నేల లోతుగా తడిశాక.