పలక పట్టించే ముందు ఆడించండి

పిల్లని అంగన్‌వాడీలో చేర్చిన ప్రతి అమ్మా మొదటి వారంలోనే అడుగుతుంది: "టీచరమ్మా, అఆలు దిద్దిస్తున్నారా?" దిద్దిస్తాం తల్లీ, కానీ ఇప్పుడే కాదు. మూడేళ్ల బిడ్డ వేళ్లకి బలపం పట్టే పట్టు ఇంకా రాలేదు. మాటని ముక్కలుగా వినడం చెవికి అలవాటు కాలేదు. ఈ రెండూ ఆటపాటలతోనే వస్తాయి. మా కేంద్రంలో చేయించేవి చెప్తాను, ఇంట్లోనూ చేయించొచ్చు.

మొదట "వీరీ వీరీ గుమ్మడిపండు". ఒక బిడ్డ కళ్లు మూయండి. ఇంకో బిడ్డని సైగ చేసి ముందుకి పిలిచి "వీరి పేరేమి?" అని అడగండి. చెప్పలేకపోతే వచ్చిన బిడ్డని చిన్నగా దగ్గమనండి, గొంతుని బట్టి పట్టేస్తారు. కొత్తగా చేరిన పిల్లకి అందరి పేర్లూ ఈ ఆటలోనే వచ్చేస్తాయి.

పేర్లు వచ్చాక చప్పట్లు. సీ-త అంటే రెండు, క-మ-ల అంటే మూడు, మా-మి-డి-కా-య అంటే ఐదు. ఇలా విరిచి పలకడం అలవాటైన పిల్లలకి పలక మీద "కమల"కి మూడక్షరాలు ఎందుకో విడిగా చెప్పక్కర్లేదు. లక్ష్మి, దుర్గ లాంటి ఒత్తుల పేర్లు ఎలా విరిచినా ఇప్పుడు సరిదిద్దకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది "కాళ్లాగజ్జా కంకాళమ్మ". పిల్లల్ని వరసగా కాళ్లు చాపించి కూర్చోబెట్టి, మాటకో కాలు చొప్పున తడుతూ వెళ్లండి. పాట ఏ కాలి దగ్గర ఆగితే ఆ కాలు మడవాలి. లెక్కలకి పునాది ఇదే. ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్లని "నాలుగు చెంచాలు తెచ్చివ్వమ్మా" అని అడిగి చూడండి, గుప్పెడు తెస్తుంది. అంకెలు నోటికి వచ్చాయి, చేతికి రాలేదు. అందుకే రెండు రోజులు మీరు తట్టి, తర్వాత ఆ పని పిల్లకే అప్పగించండి. మొదట్లో నోరు ముందు పరిగెడుతుంది, చెయ్యి రెండు కాళ్లు దాటేసి మూడోదాని మీద పడుతుంది. "తప్పు" అనకండి. ఆ చెయ్యి మీ చేతిలోకి తీసుకుని, పాట నెమ్మదిగా పాడండి. కొన్నాళ్లకి మాటా చెయ్యీ కలుస్తాయి. ఇంకోటి, ఈ పాట "అది కాదు, ఇది" అంటూ ఒక మాట నుంచి ఇంకో మాటకి పోతుంది. బాగా విన్నాక "కాదు" దగ్గర మీరు ఆగండి, తర్వాతి మాట వాళ్లే అందిస్తారు. ఫోన్‌లో పాట పెట్టి వదిలేస్తే ఇది జరగదు. ఫోన్ బిడ్డ కోసం ఆగదు కదా.

లెక్క ఇంకాస్త కుదరాలంటే వామనగుంటలు. పీట మీద పద్నాలుగు గుంటలుంటాయి, చిన్నపిల్లలకి మట్టిలో ఐదు చాలు. గుంటకో చింతగింజ వేస్తూ పోవాలి, అంతే. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు, పక్కనే కూర్చోండి. అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేసేయండి.

వేళ్లకి వంటింటి పనులు చాలు: చపాతీ ముద్ద పిసకడం, కరివేపాకు దూయడం, బియ్యప్పిండితో గీతలు వేయడం. చిటికెలోంచి పిండి వదిలే ఆ మూడు వేళ్లే రేపు బలపం పట్టేవి.

"ఆడుకోవడానికేనా పంపేది?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే ఈ మాట చెప్పండి. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలని నడిపే కేంద్ర పథకం, మొదలైనప్పటి నుంచీ బడికి ముందు చదువు మా పనిలో భాగమే. అంగన్‌వాడీ అంటే గుడ్లూ పాలే అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానమైతే మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఒకే దశగా పెట్టి, ఒకటి, రెండు తరగతుల్లో కూడా ఆటలతో నేర్పమంది.

మన్యంలో పనిచేసే చెల్లెళ్లకి ఒక మాట. కోయ, సవర ఇళ్ల పిల్లల్లో చాలామందికి తెలుగు పాట కొత్త భాష. వాళ్ల అమ్మమ్మల దగ్గర కూర్చుని వాళ్ల భాషలో పాట ఒకటి నేర్చుకోండి, కేంద్రంలో ముందు అదే పాడండి. గింజల ఆటకి భాష అక్కర్లేదు, మొదటిరోజే మొదలుపెట్టొచ్చు.