తొలకరి లోపు పాత డీజిల్ పికప్‌కి చేయించాల్సిన పనులు

పదేళ్లు దాటిన పికప్ చేతికి రాగానే చాలామంది మూడు పనులు చేయిస్తారు. వెనక కమాను పట్టీ ఒకటి అదనంగా వేయిస్తారు, హెడ్‌లైట్లకు ఎక్కువ వాట్ల బల్బులు పెట్టిస్తారు, ఇంజన్‌కి డీజిల్ ఎక్కువ వెళ్లేలా పంపు కాస్త పెంచమని మెకానిక్‌కి చెబుతారు. వానాకాలంలో బండిని ఇరుకున పెట్టేవి కూడా చాలాసార్లు ఈ మూడే. రోడ్డు తడిసే లోపు డబ్బు మొదట బ్రేకుల మీద పెట్టాలి, ఆ తర్వాత నీళ్లు చొరబడే దారులు మూయడం మీద పెట్టాలి. సోకులు దసరాకి చూసుకోవచ్చు.

2523 సీసీ బొలెరో పికప్, 2956 సీసీ టాటా 207 లాంటి బళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. మే నెలలోనే పని మొదలుపెట్టండి. జూన్‌లో మొదటి వాన పడ్డాక షెడ్డుల్లో బళ్లు బారులు తీరతాయి, ఆ హడావిడిలో డ్రమ్ములు విప్పి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

బండి ఇంతకుముందు ఏం మోసింది?

సెకండ్ హ్యాండ్ బండి అయితే కాగితాల కంటే ముందు ఈ సంగతి ఆరా తీయండి. భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు మోసిన బండికి ఐసు కరిగిన ఉప్పునీరు ఏళ్ల తరబడి తొట్టి సందుల్లోంచి కిందికి కారుతూనే ఉంటుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా, వెనక ఛాసిస్ మీద తొట్టి ఆనే చోట, పట్టీల మధ్య, బ్రేకు పైపుల క్లిప్పుల కింద తుప్పు తినేసి ఉంటుంది. ఎరువుల బస్తాలు మోసిన బండి కూడా అంతే. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, గుల్లబారినది మొద్దుగా పలుకుతుంది. బ్రేకు పైపు మీద గోరు తగిలితే పెచ్చు ఊడుతుందంటే ఆ పైపు మార్చేయాలి. గీకి రంగు వేయడం దానికి మందు కాదు.

వరదలో మునిగిన బళ్ల సంగతి వేరే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్నో బళ్లు నీట నానాయి. అలాంటి బండిని కడిగి మెరిపించడం తేలికే. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, ఫ్యూజు బాక్సు వెనక, హెడ్‌లైటు గిన్నెల లోపల చూడండి. ఒండ్రు మన్ను గీత ఉందంటే మునిగినట్టే.

కిందకి దూరే ముందు

జాకీ ఉన్నది బండి ఎత్తడానికి. ఎత్తిన బండిని నిలబెట్టడానికి స్టాండ్లు వేరే ఉండాలి. మట్టి నేల అయితే జాకీ కింద రెండు అంగుళాల మందం చెక్క వేయండి, నేల మీద మిగిలే చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి, స్టాండ్లు ఛాసిస్ కిందో యాక్సిల్ కిందో ఆనించండి. హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి వెనక ఎత్తినప్పుడు అది ఉన్నా లేనట్టే. ఇటుకలు పేర్చి బండి నిలపొద్దు. ఇటుక పగిలే ముందు చెప్పదు.

బ్రేకులు

నాలుగు చక్రాలూ విప్పించండి. ముందు ప్యాడ్లు చూసి సరిపెట్టే మెకానిక్‌లు ఎక్కువ, అసలు కథ వెనక డ్రమ్ముల్లో ఉంటుంది. లైనర్ల మీద నూనె జిడ్డు కనిపిస్తే యాక్సిల్ ఆయిల్ సీలు పోయినట్టు. నూనె పీల్చిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయకండి, వేడెక్కితే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. రెండు వైపులా లైనర్లు మార్చాల్సిందే. సీలు మార్చే ముందు యాక్సిల్ హౌసింగు మీద లోపలి గాలి పోయే బ్రీదర్ చూడండి, దాని గురించి కింద చెబుతాం. అది మూసుకుపోయి ఉంటే కొత్త సీలు కూడా నిలవదు. డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఎగరగొట్టొద్దు. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి దిగిపోతుంది. లోడుతో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు వీల్ సిలిండర్లో ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా అడుగుకి పోతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చేయాలి. పాత బండి కొన్నప్పుడు ఎప్పుడు మార్చారని అడగడం కూడా అనవసరం, మార్చేయండి.

బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన బళ్లకు వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చాలా పికప్పుల్లో వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు ఒకటి ఉంటుంది. బండిని ఛాసిస్ దగ్గర ఎత్తి వెనక చక్రాలు వేలాడదీస్తే అది ఖాళీ బండి అనుకుని ఆయిల్‌ను సన్నగా వదులుతుంది, గాలి పూర్తిగా బయటికి రాదు. చక్రాల మీద నిలబెట్టే గాలి తీయండి.

అదనపు పట్టీ తెచ్చే తంటా

ఆ వాల్వుకు లోడు ఎంతుందో తెలిసేది ఒక్క దారిలోనే. బరువుకి తొట్టి ఎంత దిగిందో దాని కడ్డీ చెబుతుంది. అదనపు పట్టీ వేశాక టన్నున్నర ఎక్కించినా తొట్టి పెద్దగా దిగదు. వాల్వు బండి ఖాళీగానే ఉందనుకుంటుంది, వెనక బ్రేకులు సగం పని మానేస్తాయి, ముందు ప్యాడ్లు కాగిపోతాయి. డ్రైవర్ వచ్చి బ్రేకులు పట్టడం లేదంటాడు, మెకానిక్ ప్యాడ్లు మార్చి పంపేస్తాడు. మూడు వారాల్లో మళ్లీ అదే ఫిర్యాదు.

దీనికి షెడ్డుల్లో చేసే మరమ్మతు ఇంకా ప్రమాదం. కడ్డీని పైకి లాగి తీగతో కట్టేస్తారు. అప్పుడు వెనక బ్రేకుకి ఎప్పుడూ పూర్తి ఒత్తిడి వెళ్తుంది. లోడు ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. సరుకు దించేసి ఖాళీగా తిరిగొస్తుంటే, తడి రోడ్డు మీద గట్టిగా తొక్కగానే తేలికైన వెనక చక్రాలు బిగుసుకుంటాయి, బండి అడ్డం తిరుగుతుంది. మీ బండి కింద చూడండి. అక్కడ తీగ ఉంటే ముందు దాన్ని విప్పించి, కంపెనీ కొలత ప్రకారం కడ్డీ సర్దించండి.

పట్టీలు విరిగితే విరిగినవే మార్చండి, సంఖ్య పెంచకండి. సెంటర్ బోల్టు, యు బోల్టులు కొత్తవి వేయించండి. పాత యు బోల్టు సాగి ఉంటుంది, ఎంత బిగించినా వదులవుతుంది. వేశాక 500 కిలోమీటర్లకు, లోడుతో ఉండగా ఒకసారి మళ్లీ బిగించాలి. ఆర్‌సీలో రాసిన బరువు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకీ 2,000 జరిమానా. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా తప్పదు కాబట్టి తీగ కట్టిన వాల్వుతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?

టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల గుర్తుకి చేరితే ఇక తీసేయాల్సిందే. వానలో తిరిగే బండికి 3 మిల్లీమీటర్లకే మార్చడం మంచిది. లోడు కోసం వెనక టైర్లలో నింపిన గాలితోనే ఖాళీగా తడి రోడ్డు మీద పరుగెత్తించకండి. టైరు నడుమ మాత్రమే రోడ్డుకి తగులుతుంది.

డీజిల్లో నీరు

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీటి చుక్కలై గోడలకు పడుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. వానాకాలంలో రాత్రి బండి ఆపే ముందే ట్యాంకు నింపుకునే అలవాటు చేసుకోండి. వారానికోసారి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి 100 మిల్లీలీటర్లు తెల్ల సీసాలోకి పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. కొత్త ఫిల్టర్ ఒకటి సీటు వెనక ఉంచుకోండి.

ఫిల్టర్ మార్చాక గాలి తీయడం బండిని బట్టి ఉంటుంది. పాత పంపు బళ్లలో చేతి పంపు కొడుతూ ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు దగ్గర స్క్రూలు వదులు చేసి బుడగలు ఆగేదాకా ఉండాలి. అవసరమైతే నాజిళ్ల పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడతారు. కామన్ రైల్ బండి (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి అధిక ఒత్తిడితో డీజిల్ వెళ్లే రకం) మీద ఈ చివరి పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ పైపుల్లో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది. కారుతోందేమోనని వేలితో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి వెళ్లిందని చెప్పాలి. ఆలస్యమైతే వేలు, చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

బ్రీదర్లు

ఇంత చవకలో ఇంత మేలు చేసే అప్‌గ్రేడ్ మరొకటి లేదు. వెనక హౌసింగు మీద, గేర్‌బాక్సు మీద లోపలి గాలి బయటికి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మన్నుతో మూసుకుపోతే, హౌసింగు వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి యాక్సిల్ సీళ్ల మీద పడి నూనె డ్రమ్ముల్లోకి వస్తుంది. తెరిచి ఉన్నా కిందనే ఉంటే ఇంకో ఇబ్బంది. కాగిన హౌసింగు ఒక్కసారిగా చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లను లోపలికి లాగుతుంది. బ్రీదర్ విప్పి, దాని చోట పైపు బిగించే నిపుల్ వేసి, డీజిల్‌ను తట్టుకునే రబ్బరు పైపును ఛాసిస్ పైకి, తొట్టి అడుగుదాకా తీసుకెళ్లండి. చివర కిందికి వంచి చిన్న ఫిల్టర్ పెట్టండి. యాక్సిల్ కిందికి దిగినప్పుడు లాగుకోకుండా పైపుకి కొంత వదులు ఉంచాలి.

వెనక హౌసింగులోని క్రౌన్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గు కాస్త వదులు చేస్తే మొదట మజ్జిగలాంటిది వస్తే నీరు చేరినట్టే, మొత్తం మార్చండి.

రేడియేటర్, కరెంటు

వానల్లో ఇంజన్ కాగదనుకోవడం పొరపాటు. బురద, ఊక రేడియేటర్ రెక్కల మధ్య పేరుకుంటాయి. ఫ్యాను వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు పట్టి కడగండి. బోరు నీళ్లు కాకుండా కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తీసి పారేయమని చెప్పే మెకానిక్ మాట వినకండి.

లైట్ల సంగతికొస్తే, మామూలు 60/55 వాట్ల బల్బు చాలు. వెలుతురు తగ్గిందంటే చాలాసార్లు తప్పు వైరింగుదే. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులుండి బల్బు దగ్గర 11.5 వస్తుంటే వెలుతురు దాదాపు సగానికి పడిపోతుంది. 100 వాట్ల బల్బులు రెండు పెడితే సుమారు 17 ఆంపియర్లు పాత స్విచ్చు గుండా పోతాయి, స్విచ్చు కరిగిపోతుంది. దానికి బదులు, స్విచ్చు మీద భారం పడకుండా బల్బుల కరెంటు మోసే 30 ఆంపియర్ల రిలేలు రెండు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలో 15 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ పట్టీ విప్పి, తుప్పు గీకి బిగించండి. తొట్టికి వెల్డింగ్ ఉంటే బ్యాటరీ నెగెటివ్, కామన్ రైల్ బండి అయితే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కనెక్టర్ కూడా ముందే తీసేయాలి. డీజిల్ ట్యాంకుని ఖాళీ చేశామని వెల్డింగ్ పెట్టనివ్వకండి, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

పంపు పెంచడం గురించి ఒక్క మాట. నల్లపొగ అంటే మండని డీజిల్, వేడికి బలయ్యేది పిస్టన్. అరిగిన టర్బో సీలు నుంచి ఇంజన్ ఆయిల్ లోపలికి వెళ్తే తాళం తీసినా ఇంజన్ ఆగకుండా రయ్యిమని రేసవుతుంది. అప్పుడు బండిని టాప్ గేర్‌లో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి క్లచ్ వదలండి. బయట ఉంటే గాలి లోపలికి వెళ్లే గొట్టానికి చెక్క పలకతో అడ్డుకట్ట వేయండి. చేత్తో మూయొద్దు, గుడ్డ పెట్టొద్దు.

నీళ్లలో ఆగిపోతే

వాగు మీద నీరు పారుతుంటే దిగకండి. నిలవ నీరైనా చక్రం నడిమికి మించితే వెనక్కి తిరగండి. ఇంజన్‌తో నేరుగా తిరిగే ఫ్యాను నీటిని తగిలితే రెక్కలు ముందుకి వంగి రేడియేటర్‌ని కోస్తాయి. గాలి గొట్టం ఎత్తు పెంచినంత మాత్రాన ఈ ఫ్యాను ఎత్తు పెరగదు.

ఇంజన్ నీళ్లలో ఆగిందా, సెల్ఫ్ కొట్టకండి. గేరులో వేసి తోసి స్టార్ట్ చేయడం కూడా సెల్ఫ్ కొట్టినట్టే. సిలిండర్లో చేరిన నీరు నొక్కుకుపోదు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. న్యూట్రల్‌లో పెట్టి బయటికి తోయించండి. నీటి గీత కనిపించేలా ఫోటోలు తీయండి. ఇంజన్ ప్రొటెక్షన్ కవరు లేని పాలసీల్లో, మునిగాక స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజన్‌కి సాధారణంగా క్లెయిమ్ రాదు.

ఎయిర్ ఫిల్టర్ పొడిగా ఉందా చూడండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ తెల్లబారిందా చూడండి. ఫిల్టర్ తడిసి ఉంటే నాజిళ్లో, హీటర్ ప్లగ్గులో విప్పించి, ముందు క్రాంక్ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. తిరిగితేనే సెల్ఫ్. నీళ్లు తుపాకీలా బయటికి కొడతాయి కాబట్టి పైన ముఖం పెట్టకండి. అన్నీ బిగించాక కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి పది నిమిషాలు నడిపి, ఆ ఆయిల్ కూడా తీసేసి మళ్లీ మార్చండి. బండి రోడ్డెక్కే ముందు డ్రమ్ములు విప్పి మట్టి కడిగి, చక్రాల బేరింగుల్లో గ్రీజు మార్పించండి.