లెన్సు కొనే ముందు ఒక అట్టముక్క

లార్జ్ ఫార్మాట్ కెమెరాకు (పెద్ద షీట్ ఫిల్ము వాడే కెమెరాకు) మొదటి లెన్సుగా 90 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌ది (దూరపు దృశ్యం తీసేటప్పుడు లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఉండే దూరం సుమారు ఇంతే) తీసుకోవాలా, 150 తీసుకోవాలా, 210 తీసుకోవాలా అన్నది ఎంతకీ తేలదు. నల్లటి అట్టలో 95 × 120 మి.మీ. కిటికీ కోయండి. దాని అంచుకు దారం కట్టి, ఆ మూడు దూరాల్లో ముడులు వేయండి. ముడిని కంటి పక్కన ఆనించి, దారం బిగువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూడండి. 4×5 అంగుళాల ఫిల్ము మీద పడే దృశ్యం దాదాపు అంతే. వారం రోజులు వెంట తిప్పుకుంటే చెయ్యి ఏ ముడి దగ్గరికి పోతోందో తెలిసిపోతుంది. నా దారంలో 210 దగ్గరి ముడే బాగా నలిగి మాసింది, ఆ లెన్సే కొన్నాను. పువ్వుల వంటి దగ్గరి వస్తువులకు మాత్రం ఈ కొలత కుదరదు. దగ్గరి వస్తువు కోసం బెలోస్ (లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఉండే మడతల తిత్తి) సాగేకొద్దీ దృశ్యం ఇరుకవుతుంది.