వైల్డ్‌బీస్ట్‌ల వలస చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

నదిలోకి వందలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు (ఆఫ్రికాలో ఉండే, ఆవులా కనిపించే పెద్ద జింకలు) దూకుతుంటే మొసలి ఒకదాన్ని పట్టుకునే వీడియో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. అది చూసి సెలవు దొరికిన నెలలో టికెట్లు కొనేస్తే, తీరా అక్కడికెళ్లాక ఖాళీ మైదానం కనిపించొచ్చు.

1. ముందు నెల, తర్వాతే హోటల్

వాన ఎక్కడ పడితే పచ్చగడ్డి అక్కడ, గడ్డి ఎక్కడుంటే ఇవి అక్కడ. సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు, గజెల్ జింకలు టాంజానియాలోని సెరెంగెటి పార్కుకి, కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి మధ్య ఏడాదంతా చుట్టు తిరుగుతూనే ఉంటాయి. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా దక్షిణాన న్డుటు వైపు, జూన్ ప్రాంతంలో పడమరన గ్రుమెటి నది, జులై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన మారా నది. నవంబరు వానలతో మళ్లీ దక్షిణానికే. వానలు అటూ ఇటూ అయితే ఇదంతా రెండు మూడు వారాలు ముందుకో వెనక్కో జరుగుతుంది, కాబట్టి ఫలానా తేదీన గ్యారంటీగా చూపిస్తామనే ఏజెంటుని నమ్మకండి.

ఈ మందలు అన్ని కాలాల్లోనూ ఇంత పెద్దవేం కావు. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం వచ్చి వీటిని ఊడ్చేసింది. 1961 నాటికి ఉన్నవి దాదాపు రెండున్నర లక్షలే. చుట్టుపక్కల పల్లెల్లో ఆవులకు టీకాలు వేశాక అడవిలోనూ రోగం పోయింది, 1977కల్లా 13 లక్షలయ్యాయి.

2. నది దాటడమా, ఈనడమా తేల్చుకోండి

అందరూ నదే అంటారు, నన్నడిగితే ఫిబ్రవరిలో ఈనడమే. దక్షిణ మైదానాల్లో నేలంతా పాత అగ్నిపర్వతాల బూడిద, గడ్డి పొట్టిదే అయినా కాల్షియం, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి, పాలిచ్చే తల్లికి కావలసింది అవే. పైగా పొట్టి గడ్డిలో సింహం నక్కడం కష్టం. రెండు మూడు వారాల్లోనే చాలా మటుకు ఈనేస్తాయి, ఇన్ని లక్షల దూడలు ఒకేసారి పుడితే హైనాలు మాత్రం ఎన్నింటిని తినగలవు! గోధుమరంగు దూడ తడితడిగా నేల మీద పడుతుంది, లేవబోయి మూతి మీద బోర్లా పడుతుంది, కాళ్లు ఎడంగా పెట్టి మళ్లీ లేస్తుంది. పది నిమిషాలు తిరక్కముందే తల్లి వెంట తూలుతూ నడక. మన ఊళ్లలో గేదె ఈనినప్పుడు దూడ లేచేదాకా పక్కన కూర్చున్నవాళ్లకైతే ఇది అస్సలు నమ్మబుద్ధి కాదు.

3. టీకా, బట్టలు, పచ్చళ్లు

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి (హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు). ఆ టీకా కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్ టెన్షన్. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, ట్సెట్సీ అనే కుట్టే ఈగలు ఆ రంగుల మీదికే వస్తాయి. రెండు దేశాల్లోనూ ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, కాబట్టి పొడులు, పచ్చళ్లు స్టీలు డబ్బాల్లో సర్దుకోండి. చిన్న విమానంలో పార్కుకి వెళ్లేట్టయితే సామాను మామూలుగా 15 కిలోలకు మించనివ్వరు, అదీ మెత్తటి బ్యాగులోనే.

4. నది దగ్గర నోరు మూసుకుని కూర్చోండి

ఇంజన్ ఆపేస్తారు. అవతల వేల గొంతులు గుర్రుగుర్రుమంటుంటాయి, దుమ్ము. ముందున్నది నీళ్ల దాకా వచ్చి, వాసన చూసి, ఎందుకో బెదిరి వెనక్కి తిరిగిందంటే వెనకున్నవన్నీ తిరిగేస్తాయి. గంట తర్వాత మళ్లీ అదే తంతు. అప్పుడు జీపుని ఇంకాస్త గట్టు మీదికి పోనివ్వమని డ్రైవర్ని సతాయించకండి, ఎందుకంటే దిగే దారికి బండి అడ్డమైతే అవి నిట్టనిలువు గట్టున్న చోట దూకి ఎక్కలేక చస్తాయి. మొసళ్ల పేరే కానీ మునిగిపోయి, తొక్కిసలాటలో పోయేవే చాలా ఎక్కువ, మారా నదిలో ఏటా సగటున 6 వేల పైచిలుకు. వాటి మీద రాబందులు, చేపలు బతుకుతాయి, ఎముకలు ఏళ్ల తరబడి నీళ్లలో కరుగుతూ నదికి ఎరువవుతాయి.

మూడు గంటలు కూర్చున్నా దాటకపోవచ్చు. అందుకే నది దగ్గర ఒక్క రాత్రి ప్యాకేజీ ఎంత చవకైనా వద్దు, కనీసం మూడు రాత్రులు బుక్ చేసుకోండి.