ఇంజిన్ గాలి-పెట్రోల్ మిక్చర్ సెట్ చేసే ముందు ఇవి చూస్కోండి

క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్), హెడర్స్ (ఇంజిన్ నుంచి వచ్చే ఎగ్జాస్ట్ పైపులు) మార్చాక పెట్రోల్ ట్రక్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) చూపిస్తోందా, వెంటనే మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్లోని పెట్రోల్ సెట్టింగ్) మార్చేయకండి ప్లీజ్.

ఫ్యూయల్ లైన్ విప్పాల్సి వస్తే ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి ఇంజిన్ ఆగేదాకా నడిపి ప్రెషర్ దించండి, పూర్తిగా చల్లారాకే బ్యాటరీ నెగటివ్ తీసి ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే పైపు) జాయింట్‌కి గుడ్డ చుట్టి మెల్లగా విప్పండి, లేదంటే మిగిలిన పెట్రోల్ నేరుగా కళ్లలోకే చిమ్ముతుంది. ఆటోనగర్ షెడ్డయినా ఇంటి దగ్గరైనా షట్టర్ తెరిచే ఉంచాలి.

అసలు చూడాల్సింది ఎగ్జాస్ట్. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే ఓటూ సెన్సర్‌కి ముందు గ్యాస్కెట్ అంచున నల్లటి మసి గీత ఉంటే అది లీకే, బయటి గాలి లాక్కుని సెన్సర్ ఉత్తుత్తి లీన్ చూపిస్తుంది, అది నమ్మి పెట్రోల్ పెంచితే ప్లగ్గులు మసిబారి పొగని శుభ్రం చేసే కన్వర్టర్ కూడా పోతుంది.

ఇంకోటి, 14.7 (ఒక పాలు పెట్రోల్‌కి బరువులో ఇన్ని పాళ్ల గాలి) అనేది ఇథనాల్ లేని పెట్రోల్ లెక్క, మన బంకుల్లో ఈ20కి (20% ఇథనాల్ కలిపిన పెట్రోల్) దాదాపు 13.5, అందుకే ల్యాంబ్డాలోనే (ఏ పెట్రోల్‌కైనా సరైన మిక్చర్ 1గా చూపే కొలత) చూడండి.

పాత మ్యాప్ బ్యాకప్ మర్చిపోవద్దు.