బ్లీచ్ సీసా మూత తీసే ముందు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక విజయవాడ సింగ్ నగర్‌లో ఇళ్లు కడుక్కున్నవారికి బ్లీచింగ్ వాసన కొత్త కాదు. అలవాటైన వస్తువు కదా అని జాగ్రత్త మానకండి.

• మొట్టమొదట బాత్‌రూములోని యాసిడ్ సీసాను బయట పెట్టండి. బ్లీచ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కళ్లు మండి, ఊపిరి అందదు. వెనిగర్, నిమ్మరసం కూడా ఆమ్లాలే. అమ్మోనియా ఉన్న ద్రావణాలూ ప్రమాదమే. కలిపితే మరకలు బాగా పోతాయని ఎవరు చెప్పినా వినకండి. ఘాటు తగిలితే అన్నీ వదిలేసి వెంటనే బయటికి రండి.

• కిటికీలు తెరవండి, ఫ్యాను వేయండి. రబ్బరు తొడుగులు, పాత బట్టలు వేసుకోండి. రంగు బట్టపై చుక్క పడితే తెల్లమచ్చ శాశ్వతం.

• బురద ముందే సబ్బునీటితో కడిగేయండి. మురికి మీద పోస్తే బ్లీచ్ శక్తి మురికికే ఖర్చయిపోతుంది, క్రిములు మిగిలిపోతాయి.

• 5 శాతం గాఢత ఉన్న బ్లీచ్ అయితే లీటరు చన్నీటికి 20 మిల్లీలీటర్లు. నీళ్లలో బ్లీచ్ పోయాలి. నేలమీద 10 నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. కలిపినది ఆ రోజుకే.

• కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలు మింగితే వాంతి చేయించకండి. 108కి ఫోను చేయండి. అందుకే కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోసి ఉంచకూడదు.